ఇతరములు

ఎం.డెస్ రెండో సెమిస్టరు. యశవంతపుర గదిలో
నేల మీద అరవై రెండు కార్డులు.
ఒక్కో దాని మీద ఈ నగరంలోంచి ఒక ముక్క:
వీధి దీపం, కుక్క కాటు, జనన ధృవీకరణ,
మూత లేని మ్యాన్‌హోలు, పింఛను, కూలిన చెట్టు.
వీటన్నిటికీ నేను ఇళ్లు కట్టాలి,
ఎవరైనా మూడు నొక్కుల్లో చేరుకునేలా.

ఇంతకుముందు అయిదేళ్లు
హెడ్‌సెట్ తగిలించుకుని ఒకటే ప్రశ్న విన్నాను:
"సార్, ఎక్కడ నొక్కాలి?"
పైన కుడి మూల మూడు గీతలుంటాయండీ, అనేవాణ్ణి.
"మూడు గీతలు నా అరచేతిలోనూ ఉన్నాయి బాబూ,
వాటిని నొక్కమంటావా?" అన్నాడొక పెద్దాయన.
నవ్వు రాలేదు.
ఆ రాత్రే ఈ కోర్సుకి దరఖాస్తు నింపాను.
ఆ ఫారమూ రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది.

హెబ్బార్ మేడమ్ బోర్డు మీద ఒక ఖాళీ పెట్టె గీసి
చాలాసేపు ఏమీ రాయదు.
"మీరు పేరు పెట్టేముందు
జనం దాన్ని ఏమని పిలుస్తున్నారో విని రండి."
మేం తలలూపి, విని రావడానికి క్యాంటీన్‌కి వెళ్లాం.
పన్నెండు మందిలో పదకొండు మంది అక్కడే దొరికారు.

పన్నెండో మనిషి ఓబులమ్మ.
మత్తికెరెలో చెత్త ఆటో వెనకాల నడుస్తుంది.
కదిరి పక్క ఊరు. వచ్చి ఇరవై ఆరేళ్లు.
ఆమె తెలుగుకి కన్నడం అంచు కుట్టినట్టుంటుంది.
పదకొండు గంటలకి, మూసిన షట్టరు మెట్ల మీద
గ్లవ్స్ విప్పి పక్కన పెట్టి కూర్చుంది.
"సదువు రాదు నాయనా.
నువ్వు సదువు, నేను పెడ్తా."

నేను చదివాను. ఆమె పెట్టింది.
శాఖల వారీగా కాదు, నేను అనుకున్న ఏ వరసలోనూ కాదు.
ఒక కుప్ప, తెల్లారేలోగా అయిపోవాల్సినవి.
ఒకటి, నోరు తెరిచి అడిగితే అయ్యేవి.
ఇంకొకటి, అన్నిటికన్నా ఎత్తైంది,
కార్పొరేటరు మనిషి వస్తేగానీ కానివి.
పింఛను కార్డు మాత్రం ఏ కుప్పలోనూ వేయలేదు.
మోకాలి కింద పెట్టుకుంది.
"ఇది నాకాడ ఉండనీ."

అప్పుడు నా సంచిలోంచి ఆఖరి పెట్టె తీశాను,
ప్రతి మెనూకీ తోకలా వేలాడేది:
ఇతరములు.
"అంటే?"
"ఎక్కడా ఇమడనివి, అక్కా."

ఆమె మాట్లాడకుండా కుడి బొటనవేలు చాపింది.
గోరు సగమే ఉంది.
తడి చెత్తలో, అరటి తొక్కల అడుగున, ఎవరిదో బ్లేడు.
"ఏ డబ్బాలో ఏయాల్నో తోచక ఏసింటారు.
తోచనోళ్లకి ఏం పోయె."
మళ్లీ గ్లవ్స్ తొడుక్కుంది.
కుడిదానికి బొటనవేలి దగ్గర చిరుగు.

నా పట్టికలో ఒక నిలువు గడి ఉంది:
పొరపాటు తీవ్రత, సున్నా నుంచి నాలుగు దాకా.
పెన్ను మూత పళ్లతో పట్టుకుని
ఆ గడి దగ్గరే ఉండిపోయాను.
గదికొచ్చి ముందు నా చెత్త డబ్బా
పేపరు మీద గుమ్మరించి చూసుకున్నాను.
వాడేసిన బ్యాటరీలు రెండు, పెరుగన్నంలో.

అందరి కుప్పలూ కంప్యూటరుకి తినిపిస్తే
కొమ్మలు కొమ్మలుగా ఒక చెట్టు గీసింది.
పదకొండు మంది ఒకే గుబురు.
పన్నెండో వరస చాలా దూరంగా ఉంది,
తొలగించమంటారా? అని అడిగింది మర్యాదగా.
అవును అన్న బటను పెద్దది, నీలం రంగుది.
కాదు అన్నది బూడిద రంగులో,
అది నొక్కేదేనా అని అనుమానం వచ్చేంత చిన్నగా.
వెతికి నొక్కాను.

క్లాసులో ఆ కొమ్మని చూపించి మేడమ్ అడిగింది,
"దీనికేం పేరు పెడతావు?"
జవాబు కోసం కార్డులు తిరగేశాను.
ఒకసారి లెక్కపెట్టాను, మళ్లీ లెక్కపెట్టాను.
అరవై ఒకటే ఉన్నాయి.